యువరాణికి ఎన్ని దెబ్బలు

మీరు నవ్వారు.

ఆ రోజు ఆ మెట్ల చుట్టూ ముప్ఫై తొమ్మిది మంది ఉన్నారు. దీపాలు పట్టినవాళ్ళు, కెమెరా బండి తోసినవాళ్ళు, మైకు కర్ర మోసినవాళ్ళు, అంటించిన మీసాలతో మంత్రులుగా సేనాపతులుగా నిలబడ్డవాళ్ళు. ఒక మగాడు ఒక ఆడమనిషిని ఒళ్ళో బోర్లా పడేసుకుని వాయిస్తుంటే మీరు పొట్ట పట్టుకుని నవ్వారు. కొట్టమన్నవాడు డైరెక్టర్ బ్రాంట్. కొట్టినవాడు హీరో డెక్స్‌టర్ లేన్. వాళ్ళ సంగతి తర్వాత. అది వేషం కాదని రెండో దెబ్బకే మీకందరికీ తెలిసిపోయింది. అయినా నవ్వారు. లియోనా హాస్కెల్ ఒక్కతే నవ్వలేదు. నవ్వకుండా పెన్సిలుతో లెక్క రాసుకుంది. అంతమాత్రాన ఆమె మీకంటే మంచిదేం కాదు. మీ అందరికంటే ముందే ఆమెకి తెలుసు.

అది జరిగిన వారానికి, మళ్ళీ మంగళవారం పొద్దున్న, లియోనా మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పొయ్యి మీద ఒక పక్క కాఫీ మరుగుతోంది, ఇంకో పక్క బేకన్ వేగుతోంది. అత్తగారు కుర్చీలోంచి కదలకుండా వాసన పట్టి, "మాడుతోందమ్మాయ్," అంటోంది. లేచి తిప్పొచ్చు కదా అని లియోనా అనదు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అనలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, బేకన్ తిప్పి, మళ్ళీ వచ్చి కాలరు పట్టుకుంది. ఆమె చెవులు మాత్రం ఆ రెండు పనుల మీదా లేవు. స్నానాల గదిలో నీళ్ళు ఆగాయా? బూట్లు వేసుకున్నాడా? ఎటునుంచి వస్తాడు? వారం రోజులుగా వంటింట్లో ఆమె గోడకి వీపు ఆనించి పని చేసుకుంటోంది. అత్తగారు గమనించినట్టు లేదు. గమనించినా ఏమంటుంది?

లియోనాది స్క్రిప్ట్ గర్ల్ ఉద్యోగం. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా గర్లే, డెబ్భై వచ్చినా గర్లే. కెమెరా పక్కన, డైరెక్టర్ మోకాళ్ళ దగ్గర ఆమెకో చిన్న స్టూలు. ప్రతి టేకులోనూ ఏం జరిగిందో దాని మీద కూచుని రాయాలి. గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నారు, సిగరెట్టు ఎంతవరకు కాలింది, జుట్టు ఏ భుజం మీద పడింది. సినిమాని వరసగా తియ్యరు. ఇవాళ తీసిన తలుపు బయటి సీనుకీ, నెల తర్వాత తీసే తలుపు లోపలి సీనుకీ పొంతన కుదరాలి. కుదరకపోతే తిట్లు లియోనాకి. కుదిరితే ఆమె పేరు ఎవరికీ గుర్తుండదు. "నీదీ ఒక పనేనా, కూచుని రాసుకోవడమేగా," అంటాడు మొగుడు ఆర్విల్. అతనూ అదే స్టూడియోలో వడ్రంగి. ఆ రోజటి కోట మెట్ల సెట్టు కట్టింది అతనే. ఇంటికొచ్చాక అతను బూట్లు విప్పి రేడియో పెట్టుకుంటాడు. ఆమె ఏప్రాన్ కట్టుకుని రెండో ఉద్యోగం మొదలుపెడుతుంది.

సినిమా ఒక చిన్న దేశపు యువరాణి కథ. రాజభవనం విసుగెత్తి షికాగో పారిపోయి వస్తుంది, పాలబండి తోలేవాడు తగులుకుంటాడు. ఆమెకి పొగరు. కథ రాసిన మగవాళ్ళకి ఆ పొగరు అణిచేదాకా నిద్ర పట్టదు. అందుకని ఎనభై ఎనిమిదో సీనులో పాలవాడు, ఆమె తిరిగి వెళ్ళిపోయిన కోటకే వచ్చి, ఆమె మెట్ల మీదే, నిండు కొలువులో, మణికట్టు పట్టి లాగి ఒళ్ళో పడేసుకుని పిర్రల మీద వాయిస్తాడు. ఆమె లేచి కిరీటం సర్దుకుని అతన్ని ముద్దు పెట్టుకుంటుంది. అదీ ప్రేమ.

యువరాణి వేషం కొరిన్ వేల్‌ది. ఒహాయోలో ట్రాము కండక్టరు కూతురు. ఆ సీను చదివిన రోజే ఆమె ఒక మాట అడిగింది. చెయ్యి ఒంటికి తగలకూడదు, గౌను కింద ఉన్నిమెత్త కుట్టాలి. బ్రాంట్ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "తల్లీ, నీ మీద ఈగ వాలనిస్తానా," అన్నాడు. ఉన్నిమెత్త కుట్టారు. షాటుకి ముందు, గౌను ఉబ్బెత్తుగా కనిపిస్తోందని అతనే తీయించాడు. ఆ తర్వాత డెక్స్‌టర్‌ని పక్కకి పిలిచాడు. పక్క అంటే లియోనా స్టూలు పక్కే. స్టూలు మీద మనిషి ఉందన్న సంగతి వాళ్ళకి పట్టదు.

"నిజంగానే కొట్టు. దానికి చెప్పకు. ఆ మొహం కావాలి నాకు," అన్నాడు బ్రాంట్.

"గోల చేస్తుందేమో," అన్నాడు డెక్స్‌టర్.

"చెయ్యనీ. గోలే కదా మనకి కావలసింది."

లియోనా విన్నది. కొరిన్ పది అడుగుల దూరంలో నిలబడి గ్లవుజు గుండీ పెట్టుకుంటోంది. పది అడుగులు. లేచి వెళ్ళి చెవిలో ఒక్క మాట వెయ్యొచ్చు. లియోనా పెన్సిలు తీసింది. "ఎనభై ఎనిమిది, టేక్ ఒకటి," అని రాసింది.

మొదటి టేకులో ఆరు దెబ్బలు. కొరిన్ మొహంలో బ్రాంట్ కోరుకున్నది కనిపించింది. ఆశ్చర్యం, నొప్పి, నమ్మి మోసపోయిన మనిషి చూపు. అందరూ నవ్వారు. ఆమె లేచి అరిచింది. అప్పుడు కెమెరా మనిషి కెమెరా విప్పి చూసి, ఫిలిం నడిచే గేటులో వెంట్రుక పడింది, టేకు పనికిరాదు అన్నాడు. ఒక్క వెంట్రుక. దానికోసం మళ్ళీ. "ఈసారి ఉత్తినే, ఒట్టు," అన్నాడు బ్రాంట్. ఈసారి ఏడు. పోయిన మొహం మళ్ళీ తెప్పించాలని తొమ్మిది టేకులు తీశారు. అయిదో టేకు నుంచి కొరిన్ అరవడం మానేసింది. తొమ్మిదో టేకులో పదకొండు. అందులో ఆమె మొహంలో సిగ్గు తప్ప ఏమీ లేదు. బ్రాంట్ అదే ఖాయం చేశాడు. చూసేవాళ్ళు దాన్నే ప్రేమ అనుకుంటారట.

ఆ సాయంత్రం ఆర్విల్ మాంసం రొట్టె తింటూ ఆ కథంతా తల్లికి చెప్పాడు. లేచి నిలబడి అభినయించి మరీ చెప్పాడు. ముసలామె కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. లియోనా సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. అతను వెనకనుంచి వచ్చి ఒక్కటి వేశాడు. సరదాకి. గిన్నె చేతిలోంచి జారింది.

"ఏం, కోపమా? యువరాణిగారికే రాలేదు కోపం!" అని ఇంకొకటి వేశాడు. అది సరదా కాదు.

"ఊరుకోరా," అంది తల్లి నవ్వు ఆపుకోకుండానే. "మీ నాన్న నన్ను బెల్టుతో కొట్టేవాడు. చేత్తో అంటే ముద్దు కిందే లెక్క."

లియోనా గిన్నె తీసి మళ్ళీ కడిగింది. గోడకి వీపు ఆనించడం ఆ మర్నాటినుంచి మొదలైంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆర్విల్ ట్రక్కు తీశాడు. ఇద్దరూ స్టూడియోకి వెళ్ళారు. తొమ్మిది గంటలకి మేకప్ గదిలోంచి కేక వినిపించింది. నొప్పి పుట్టిన కేక కాదు. ఏదో చూసి జడుసుకున్న కేక. లియోనా పరిగెత్తింది.

కొరిన్ అద్దం ముందు నిలబడి తన ఎడమ చేతిని తనది కానట్టు దూరంగా పట్టుకుని ఉంది. మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తు, కమిలిన నీలం. మేకప్ మనిషి షాండోర్, ముసలాయన, కుంచె పట్టుకుని బిక్కచచ్చిపోయి ఉన్నాడు.

"కాగితంలో ఉన్నదే వేశానమ్మా," అంటున్నాడు. "నాకేం తెలుసు? ఇదిగో చూడండి, రాసి ఉంది."

రాసింది లియోనాయే. మెట్ల సీను చివర్లో వచ్చే క్లోజప్ షాట్లలో ఆ మణికట్టు గుర్తు తెర మీద కనిపిస్తుంది. కథలో అదే సాయంత్రం జరిగే తోట సీను వారం ఆగి ఇవాళ తీస్తున్నారు. ముందు సీనులో ఉన్నది తర్వాతి సీనులో ఉండాలి. తొమ్మిదేళ్ళ అలవాటు. బుర్రతో పనిలేకుండా చెయ్యి రాసేసింది. "ఎడమ మణికట్టు, నాలుగు వేళ్ళ గుర్తు, నీలం. తోట సీనుకి ఇలాగే ఉండాలి." చిరిగిన లేసు గురించి, ఊడిన గుండీ గురించి రాసినట్టే రాసేసింది.

"నువ్వేనా?" అంది కొరిన్.

"నేనే, మిస్ వేల్."

"వారం రోజులు ఐసు పెట్టి పోగొట్టుకున్నాను దీన్ని. ఇవాళ పొద్దున లేచి చూసుకుంటే లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఇక్కడికొచ్చి కూచుంటే మళ్ళీ వచ్చింది." ఆమె షాండోర్ చేతిలోంచి కాగితాలు లాక్కుని పేజీ తిప్పింది. "ఇదేంటి? టేక్ ఒకటి, ఆరు. టేక్ రెండు, ఏడు. ఏంటీ అంకెలు?"

లియోనా వెనక్కి తిరిగి తలుపు మూసింది.

"లెక్కపెట్టావా? నేను అరుస్తుంటే నువ్వు లెక్కపెడుతూ కూచున్నావా?"

"ఎడిటర్‌కి కావాలి. ఒక షాటుకీ ఇంకో షాటుకీ దెబ్బలు కలవాలి కదా అని..."

కొరిన్ కూలబడింది. షాండోర్‌ని బయటికి పంపేసింది.

"మేనేజర్ స్లోన్ నాతో ఏమన్నాడో తెలుసా? ఒక్క దెబ్బ కూడా తగల్లేదట. ఒత్తిడి వల్ల అలా అనిపించిందట. వాళ్ళ డాక్టరు వచ్చి నిద్రమాత్రలిచ్చాడు. ఆ సీను తీసెయ్యమన్నాను. ఎక్కువ మాట్లాడితే ఈ ఊళ్ళో ఇంకెక్కడా వేషం దొరక్కుండా చేస్తామన్నారు. వారం రోజులు అందరూ అదే పాట పాడుతుంటే నాకే అనుమానమొచ్చింది లియోనా, నాకు పిచ్చేమోనని. ఇదిగో, ఇన్నాళ్ళూ నీ దగ్గరుంది. డెబ్భై మూడు." పెదవులు కదుపుతూ కూడింది. "డెబ్భై మూడు. ఈ కాగితం నాకివ్వు."

ఇవ్వాల్సింది. ఎవరైనా ఇచ్చేవాళ్ళు. లియోనా చెయ్యి చాచి ఆ కాగితాలు తనే వెనక్కి తీసుకుంది. "ఆఫీసువి, మిస్ వేల్. నావి కావు," అంది. కొరిన్ ఆమెని చూసిన చూపు బ్రాంట్ కోరుకున్న ఆ మొదటి టేకు చూపే. ఈసారి గేటులో వెంట్రుక లేదు.

మధ్యాహ్నానికి మేకప్ గదిలో గొడవ ఆఫీసుకి చేరి, స్లోన్ పిలిపించాడు. మెత్తటి మనిషి, మెత్తటి గొంతు. ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా కుర్చీ చూపించి కాఫీ ఇప్పిస్తాడు. అందుకే అతను "కూచోమ్మా," అనగానే లియోనా తన ఉద్యోగం పోయినట్టే అనుకుంది.

"నీ కాగితంలో చిన్న పొరపాటు దొర్లింది లియోనా."

"ఏది, సర్?"

"ఆ అంకెలు. నువ్వు చప్పుడు విని రాసుంటావు. ఉన్నిమెత్త మీద కొట్టినా చప్పుడొస్తుంది కదా."

"మెత్త తీసేశారు సర్. అదీ రాశాను. డైరెక్టర్‌గారు తీయించారని..."

"చూశావా, అదే పొరపాటు." స్లోన్ నవ్వాడు. "తిరగ టైపు చేయిస్తాను. రేపు పది గంటలకి వచ్చి సంతకం పెట్టు. పాతది, దాని ప్రతులు, అన్నీ పట్రా. ఆర్విల్ ఎలా ఉన్నాడు? మంచి పనివాడు. కొత్త సినిమాకి ఓడ సెట్టు కడుతున్నాం, అతన్నే మేస్త్రీని చేద్దామనుకుంటున్నా."

ఆ మాట ఆర్విల్‌కి అప్పటికే చేరిపోయింది. సాయంత్రం ట్రక్కు గేటు దాటకముందే మొదలుపెట్టాడు.

"మేస్త్రీ! వింటున్నావా? నా కింద పన్నెండు మంది!"

లియోనా కాళ్ళ దగ్గర సంచీలో కాగితాలున్నాయి. సంచీని మడమలతో బిగించి పట్టుకుంది.

"రేపు ఎన్నింటికి సంతకం?"

"పదింటికి."

"పెడతావుగా?"

ఆమె రోడ్డు వైపు చూసింది. అతను చూడడం లేదు. ఆమె వైపే తిరిగి బండి నడుపుతున్నాడు, వేగం పెంచుతున్నాడు. ట్రాము పట్టాల మీద చక్రాలు ఎగిరిపడ్డాయి.

"పెడతావుగా అంటున్నా!"

"ముందు చూడు ఆర్విల్."

"నువ్వు చెప్పు, అప్పుడు చూస్తా." ఎదురుగా వస్తున్న ట్రాము గంట కొడుతూనే ఉంది. "ఒక సినిమా తార వీపు గురించి నా కూడు పోగొడతావా? అది నీకేమన్నా అక్కా, చెల్లా? ఏం తగిలిందే దానికి! నేనూ అక్కడే ఉన్నా కదా. నవ్వులాట!"

"పెడతాను," అని అరిచింది లియోనా. "పెడతాను, ముందు చూడు!"

అతను స్టీరింగు తిప్పాడు. ట్రాము ట్రక్కు తలుపుని రాసుకుంటూ పోయింది. ఆర్విల్ ఈల వేశాడు. తర్వాత ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుని, కుడి చేత్తో ఆమె తొడ మీద రెండుసార్లు తట్టాడు, గుర్రాన్ని తట్టినట్టు. "అదీ, బుద్ధిమంతురాలివి."

ఇల్లు చేరేదాకా లియోనా ఒకటే ఆలోచించింది. చస్తానేమోనన్న భయంలో నోట్లోంచి వచ్చిన మాట అది. అతనికి అది ఒప్పుకోలు. ముద్దొచ్చే ఒప్పుకోలు. కొరిన్ లేచి కిరీటం సర్దుకున్నట్టే. భయపడ్డ ఆడది ఏ మాటన్నా ప్రేమ కిందే రాసుకుంటారు వీళ్ళు. ఆ రాత అయినా ఎవరిది? తనదే. తొమ్మిదేళ్ళుగా ఎన్ని సినిమాల్లో, ఎన్ని చెంపదెబ్బలు, ఎన్ని మెలితిప్పిన చేతులు, ఏ చెయ్యి, ఎన్నిసార్లు, అన్నీ పొంతన కుదిర్చి పంపింది తనే. ఆ బొమ్మలు ఊరూరా ఆడాయి. ఆర్విల్ చూశాడు. ఆర్విల్‌లాంటివాళ్ళు ఊరికి ఎన్ని వేలమంది చూశారో. తన వంటింటికి ఆ దెబ్బ ఎక్కడినుంచో రాలేదు. తను పెన్సిలు చెక్కి, శుభ్రంగా రాసి పంపితేనే వచ్చింది.

పొద్దున పదింటికి స్లోన్ గదిలో అతనూ, బ్రాంట్ ఉన్నారు. కిటికీ దగ్గర కొరిన్ నిలబడి ఉంది. తన కళ్ళెదుటే సంతకం జరిగితే ఆమె నోరు శాశ్వతంగా మూతపడుతుందని పిలిపించారు. కొరిన్ లియోనా వైపు తిరగలేదు.

బల్ల మీద టైపు చేసిన కాగితం. "ఎనభై ఎనిమిది, టేకులు ఒకటి నుంచి తొమ్మిది. అభినయం మాత్రమే. చెయ్యి తగల్లేదు." కింద చుక్కల గీత, దాని కింద ఆమె పేరు. కలం మూత కూడా తీసి పెట్టారు.

లియోనాకి పొత్తికడుపు బరువెక్కి, ఉన్నపళంగా బాత్రూముకి పోవాలనిపించింది. కలం తీసుకోబోయి మానేసింది. వేళ్ళు ఎలాగూ పట్టుకోలేవు.

"ఇది నేను రాసింది కాదు," అంది.

"సరిదిద్దాంలేమ్మా," అన్నాడు స్లోన్. "మీ ఆయనతోనూ మాట్లాడాను. పెడుతుందన్నాడు."

"కింద టైపు కొట్టింది ఆయన పేరు కాదుగా, సర్."

బ్రాంట్ పైపు నోట్లోంచి తీశాడు. "చూడమ్మాయ్, రాయడం నీ పని. తీర్పులు చెప్పడం కాదు."

"రాయనిది ఒకటుంది." ఇప్పుడు ఆపితే మళ్ళీ ఎప్పటికీ రాదని లియోనాకి తెలుసు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. "మొదటి టేకుకి ముందు మీరు లేన్‌గారితో అన్నారు. నిజంగానే కొట్టు, దానికి చెప్పకు, ఆ మొహం కావాలి నాకు అని. నా స్టూలు పక్కనే నిలబడి అన్నారు. ఆయన గోల చేస్తుందేమో అన్నారు. మీరు చెయ్యనీ అన్నారు. నేను విన్నాను."

కిటికీ దగ్గరనుంచి కొరిన్ నెమ్మదిగా ఇటు తిరిగింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు మిస్ వేల్. మీరు గ్లవుజు గుండీ పెట్టుకుంటున్నారు. నేను లేవలేదు. భయమేసింది."

కొరిన్ క్షమించినట్టు తలాడించలేదు. దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోవాల్సిన అవసరం ఆమెకి లేదు. లియోనా అందుకోసం చెప్పలేదు కూడా.

"నీకు ఒంట్లో బాగాలేదు," అన్నాడు స్లోన్, అదే మెత్తటి గొంతుతో. "మన డాక్టర్ని పిలుస్తాను. ఇంటికెళ్ళి పడుకో. రేపు మాట్లాడుకుందాం."

"రేపు కాదు." ఆమె సంచీ తెరిచి పాత కాగితాలు తీసి, స్లోన్ వైపు కాకుండా కొరిన్ వైపు చాచింది. కొరిన్ అందుకుంది. "నన్ను తీసెయ్యండి. ఆర్విల్‌ని తీసెయ్యండి. ఇంటికెళ్తే నాకేమవుతుందో నాకు తెలుసు, అందుకే ఇవాళ ఆ ఇంటికి వెళ్ళను. కానీ ముందు ఆ సీను. అది ఏ ఊళ్ళోనూ ఏ తెర మీదా ఆడకూడదు. తొమ్మిది టేకులూ, నెగటివుతో సహా ఎడిటర్ని ఇక్కడికి పట్రమ్మనండి. ఈవిడ చేతిలో పెట్టండి. దాచుకుంటుందో, తగలబెడుతుందో, కోర్టుకి పట్టుకెళ్తుందో ఈవిడ ఇష్టం. వణుకుతున్నానని చూడకండి, నేను వణుకుతూనే ఇక్కడ నిలబడతాను. ఫోను తియ్యండి, సర్. ఇప్పుడే తియ్యండి."